ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్: వెలుతురును నమ్మిన సాధకుడు

కవి మాటను, శిల్పి రాతిని, చిత్రకారుడు రంగును ఆధారము చేసుకొని తమ కళను నిలుపుతారు. ఛాయాచిత్రకారునికి ఆధారము వెలుతురు. అది గడియకొక తీరుగా మారుతుంది, ఎవరి కొరకును ఆగదు. అట్టి చంచలమైన వస్తువును నమ్ముకొని, నూరేండ్లు దాటినను చెదరని కీర్తిని సంపాదించిన వారిలో రాజా దీన్ దయాళ్ అగ్రగణ్యులు. ఆయన జీవితమును మా విద్యార్థినీ విద్యార్థుల ముందుంచుటకు ఒక కారణము కలదు.

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు కంటికి విందైన దృశ్యములకు పెట్టినది పేరు. రైలులో హిందూపురము నుండి ధర్మవరమునకు పోవువారికి నడుమ పెనుకొండ కొండ, దాని మీది కోట గోడలు కనబడుతవి. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన ఊరు అది. గగన్ మహల్, బాబయ్య దర్గా, షేర్ ఖాన్ మసీదు, పార్శ్వనాథ జినాలయము అక్కడ ఒకదానికొకటి చేరువలోనే ఉన్నవి. హిందూపురమునకు కూతవేటు దూరమున లేపాక్షి బసవన్న, ధర్మవరములో విశాలమైన చెరువు ఉన్నవి. నేడు ప్రతి విద్యార్థి చేతిలోను కెమెరా గల ఫోను ఉన్నది. ఒక్క విహారయాత్రలో వందలకొలది చిత్రములు తీయబడుచున్నవి. అయినను ఏడాది తిరిగిన తరువాత మరల చూడదగినవి వానిలో ఎన్ని? సాధనము సులభమైనకొద్దీ సాధన సన్నగిల్లుట లోకములో ఉన్నదే. సాధనము కష్టమైన కాలములో సాధన ఎట్లుండెనో తెలిసికొనుటకు దీన్ దయాళ్ జీవితమునకు మించిన పాఠము లేదని మా అభిప్రాయము.

బాల్యము, విద్యాభ్యాసము

దీన్ దయాళ్ 1844లో ఉత్తర హిందూస్థానమున మీరట్ చేరువలోని సర్ధనా అను ఊరిలో ఒక జైన కుటుంబమున జన్మించారు. వారిది నగల వర్తకుల వంశము. రత్నమును వెలుతురుకు ఎత్తి పట్టి గుణదోషములను నిర్ణయించు వారి ఇంట పుట్టిన బిడ్డ, పెద్దవాడై లోకమునే వెలుతురులో పరీక్షించుట ముచ్చటైన విషయము.

ఆయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చదువుకొన్నారు. భూమిని కొలుచుట, కట్టడముల నక్షాలు గీయుట, ఖర్చు అంచనాలు వేయుట అక్కడి చదువులో ముఖ్యాంశములు. 1866లో చదువు ముగించి, ఇందూరులో ప్రభుత్వ మరామత్తు శాఖ కార్యాలయమున ప్రధాన ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అప్పటికి వయస్సు ఇరువది రెండేండ్లు. కెమెరా పట్టుటకు ముందు ఆయన దాదాపు ఎనిమిదేండ్లు నక్షాలతోనే గడిపారు. ఈ విషయమును మనము తేలికగా తీసికొనరాదు. ఒక కట్టడము ఏ మూల నుండి చూచిన దాని పొడవు, వెడల్పు, ఎత్తు మూడును ఒక్కసారిగా తెలియునో నక్షా గీయువానికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. తరువాతి కాలమున ఆయన తీసిన కట్టడముల చిత్రములు పెక్కింటిలో ఈ చూపు స్పష్టముగా కనబడుతుంది. ఎదురుగా నిలిచి ఒక్క ముఖమును మాత్రము తీయక, ఓరగా నిలిచి రెండు ముఖములను చూపుట, పక్కన ఒక మనిషినో ఏనుగునో నిలిపి కట్టడము పరిమాణమును తెలియజేయుట ఇంజనీరు బుద్ధికి తోచు ఉపాయములు.

ఉద్యోగము నుండి కళకు

1874 ప్రాంతమున దీన్ దయాళ్ ఛాయాగ్రహణమును అభ్యసించ మొదలుపెట్టారు. ఉద్యోగమునకు భంగము రానీయక, తీరిక వేళలలోనే సాధన సాగించారు. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతమున గవర్నర్ జనరల్ ప్రతినిధిగానుండిన సర్ హెన్రీ డాలీ ఆయనను ప్రోత్సహించారు. ముప్పది యేండ్ల వయస్సులో, సంసారము, ఉద్యోగము నెత్తిన ఉండగా కొత్త విద్యను మొదటి అక్షరము నుండి నేర్చుకొనుట సామాన్య విషయము కాదు. ఇక ఆ విద్యయైనను ఎట్టిది?

ఆనాటి కెమెరా పెద్ద కొయ్యపెట్టె. ముక్కాలి స్టాండు మీద నిలుపనిదే పని జరుగదు. ఫిలిము లేదు, గాజు పలక మీదనే చిత్రము. 1851లో వాడుకకు వచ్చిన కొలోడియన్ పద్ధతి ప్రకారము, గాజు పలకకు జిగురువంటి ద్రవమును సమముగా పూసి, వెండి లవణపు నీటిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రము తీయవలెను. తీసిన వెంటనే మందు నీళ్ళలో కడుగవలెను. ఈ పని అంతయు పది పదిహేను నిమిషములలో ముగియవలెను. కావున చిత్రకారుడు పోయిన చోటికెల్లను ఒక చీకటి గుడారము, మందుల సీసాలు, గాజు పలకల పెట్టెలు, మంచి నీళ్ళు బండ్ల మీదనో మనుషుల తలల మీదనో వెంట రావలసినదే. మన రాయలసీమ వంటి ఎండలో ఆ తడి ఎంత త్వరగా ఆరునో ఊహించుకొనవచ్చును.

నల్లగుడ్డ కప్పుకొని కెమెరా వెనుక అద్దములో చూచిన, దృశ్యము తలక్రిందులుగా కనబడుతుంది. లెన్సు మూత తీసి, అంకెలు లెక్కపెట్టి, మరల మూత వేయుటయే చిత్రము తీయుట. ప్రింటు కూడ పలక ఎంత ఉన్నదో అంతే. గాజు పలకను కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమునకు ఆనించి ఎండలో పెట్టి ముద్రించేవారు. పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద పలకను, దానిని పట్టు పెద్ద కెమెరాను కొండ మీదికి మోయవలసినదే.

ఒక్కొక్క పలకకు ఇంత శ్రమ ఉన్నప్పుడు, కంటబడిన ప్రతిదానిని తీయుటకు వీలులేదు. ముందుగా ఆ చోటంతయు తిరిగి చూడవలెను. ఏ వేళ ఏ గోడ మీద ఎండ పడునో తెలిసికొనవలెను. నిలువవలసిన చోటును నిర్ణయించుకొని, వెలుతురు వచ్చువరకు కాచుకొనవలెను. అటు తరువాతనే మూత తీయవలెను. దీన్ దయాళ్ చిత్రములలో కనబడు నిండుతనము, నెమ్మది ఈ క్రమశిక్షణ వలననే సిద్ధించినవి. చిత్రము తీయుట ఆ సాధనలో ఆఖరి మెట్టు మాత్రమే.

మధ్య భారత పర్యటన

1882-83లో డాలీ తరువాతి ప్రతినిధులలో ఒకరైన సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్ దయాళ్ మధ్య భారతమున పర్యటించారు. సాంచి స్తూపము, ఖజురహో దేవాలయములు, గ్వాలియర్ కోట, ఓర్ఛా భవనములు ఆయన కెమెరా ముందు నిలిచినవి. ఆ చిత్రములతో కూడిన మధ్య భారత ప్రసిద్ధ కట్టడముల గ్రంథము 1886లో వెలువడినది. ఆ నాటికి సాంచి మహాస్తూపము నేటి రూపమున లేదు. దాని పునరుద్ధరణ కార్యములు అప్పుడప్పుడే జరుగుచుండెను. ఒక కట్టడము ఏ నాడు ఏ స్థితిలో ఉన్నదో తెలుపు సాక్ష్యముగా ఛాయాచిత్రము ఎంత విలువైనదో ఆ గ్రంథము తెలిపినది.

ఈ కాలముననే ఛాయాగ్రహణ రంగమున గొప్ప మార్పు వచ్చినది. ముందుగానే తయారుచేసి, ఆరబెట్టి, పెట్టెలలో దాచుకొనదగిన జెలటిన్ పలకలు వ్యాప్తిలోకి వచ్చినవి. చీకటి గుడారము బరువు తగ్గినది. మూత తీసి ఉంచవలసిన కాలము తగ్గినందున, సేనల కవాతులు, వేట, ఊరేగింపులు కూడ చిత్రములకు ఎక్కినవి. దీన్ దయాళ్ ఈ కొత్త పద్ధతిని స్వీకరించారు. అయినను పాత పద్ధతి నేర్పిన నిదానమును విడువలేదు. సాధనము మారినప్పుడు అలవాటును కాపాడుకొనుటయే ప్రతిభావంతుని లక్షణము.

హైదరాబాదు సంస్థానములో

1880వ దశకపు మధ్యకాలమున ఆయన ప్రభుత్వోద్యోగమునకు స్వస్తి చెప్పి, పూర్తిగా ఈ కళకే అంకితులైనారు. లార్డ్ డఫరిన్ కాలమున వైస్రాయికి ఛాయాచిత్రకారునిగా నియమితులైనారు. హైదరాబాదు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేర్చుకొన్నారు. సికిందరాబాదులో స్టూడియో వెలసినది. కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ తండ్రికి చేదోడుగా నిలిచారు.

1892లో స్త్రీల కొరకు ప్రత్యేకముగా హైదరాబాదులో ఒక జనానా స్టూడియో స్థాపించారు. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు నిస్సంకోచముగా చిత్రము తీయించుకొనుటకై, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అను ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎదుటివారి మర్యాదను, మనోభావమును గౌరవించి, దానికి తగినట్లు తన పనిని మలచుకొనుట కళాకారునికి ఎంత అవసరమో ఈ ఒక్క విషయము చాటుచున్నది.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రములు బహుమానము పొందినవి. 1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదు ప్రసాదించారు. అంతకుముందు లాలా దీన్ దయాళ్‌గా పేరొందినవారు అటుపై రాజా దీన్ దయాళ్ అయినారు. స్వయముగా కవియైన నిజాము ఆయన నైపుణ్యమును మెచ్చి ఉర్దూలో ఒక షేర్ కూడ చెప్పారు. ఉర్దూ చదువు మా విద్యార్థులు ఈ బిరుదులోని అందమును గ్రహింపగలరు. ఛాయాగ్రహణమునకు ఉర్దూలో అక్కాసీ అను మాట కలదు. అక్స్ అనగా ప్రతిబింబము. నిజాము ఆ మాటను కాక ముసవ్విర్ అను మాటను ఎన్నుకొన్నారు. ముసవ్విర్ అనగా చిత్రములు గీయు కళాకారుడు. యంత్రము పట్టినది ప్రతిబింబమే అయినను, దాని వెనుక నిలిచినవాడు చిత్రకారుడే అను గుర్తింపు ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. జైన వర్తకుల ఇంట పుట్టిన ఉత్తరాది బిడ్డకు దక్కను ముస్లిము ప్రభువు ఇట్టి గౌరవమిచ్చుట ఆ నాటి హైదరాబాదు సంస్కృతికి నిదర్శనము.

1896లో బొంబాయిలో మరొక పెద్ద స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి ఛాయాచిత్రకారుడను హోదా లభించినది. ఇన్ని గౌరవములు వచ్చినను కొండలు, కోటలు, చెరువులు తీయుట ఆయన మానలేదు. చార్మినార్, గోలకొండ, కుతుబ్‌షాహీ సమాధులు, ఎల్లోరా గుహలు ఆయన చిత్రములలో నిలిచినవి. ఆయన తన గాజు పలకల మీద సంఖ్య, పేరు వ్రాసి ఉంచేవారు. ఈ చిన్న అలవాటు వలననే నేడు ఆ చిత్రము ఏ ఊరిదో, ఏ భవనముదో పండితులు గుర్తింపగలుగుచున్నారు.

కరవు కాలపు చిత్రములు

రాజుల కొలువున ఉన్న కళాకారుని పనిని చూచునప్పుడు మనము ఒక మాట ఆలోచింపవలెను. పంతొమ్మిదవ శతాబ్ది చివరి యేండ్లలో దక్కనులో ఘోరమైన కరవులు వచ్చినవి. ఔరంగాబాదు ప్రాంతమున నిజాము ప్రభుత్వము చేపట్టిన కరవు సహాయ కార్యక్రమములను దీన్ దయాళ్ స్టూడియో చిత్రించినది. రోడ్లు వేయు కూలీలు, స్త్రీలు, పిల్లలు వాటిలో కనబడుతారు. విందులు, వేటలు, దర్బారులు తీసిన కెమెరాయే ఈ జనమును కూడ తీసినది.

అయినను అవి ప్రభువు చేసిన మేలును చూపుటకు తీయించినవి. సహాయము అందని ఊరు ఆ చిత్రములలోకి రాలేదు. చిత్రము అబద్ధమాడకపోవచ్చును, కాని చట్రమునకు వెలుపల ఏమున్నదో అది చెప్పదు. కెమెరా ఎటు తిప్పవలెనో నిర్ణయించువాడు ఎవడను ప్రశ్న ఆ నాడును ఉండెను, ఈ నాడును ఉన్నది. దీన్ దయాళ్ ప్రతిభను తలచుకొనునప్పుడు ఈ ప్రశ్నను కూడ మరువరాదు.

గాజు పలకల కథ

1905 జూలై 5న రాజా దీన్ దయాళ్ పరమపదించారు. 1911లో ఆయన పోషకుడైన మహబూబ్ అలీ ఖాన్ కూడ గతించారు. కాలక్రమమున ఆ సంస్థ వైభవము తగ్గిపోయినది. ఆయన పోయిన మూడేండ్లకు, 1908 సెప్టెంబరులో, మూసీ నది వరద హైదరాబాదు నగరము రూపమునే మార్చివేసినది. ఆయన తీసిన బషీర్ బాగ్ ప్యాలెస్ నేడు లేదు, ఆ పేటకు పేరు మాత్రము మిగిలినది. వరదకు ముందటి ఆ నగరము ఎట్లుండెనో తెలిసికొనగోరువారికి నేడు ఆ గాజు పలకలే దిక్కు.

ఆ స్టూడియోలలో తయారైన పలకలలో కొంత భాగమే మనకు దక్కినది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రము 2,857 గాజు నెగెటివులను సేకరించి భద్రపరచినది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకముగా తపాలా బిళ్ళ విడుదల చేసినది. గాజు పగిలిపోవు వస్తువు. అయినను పేరు వ్రాసి, సంఖ్య వేసి, పెట్టెలలో పేర్చి దాచినందున నూరేండ్లు నిలిచినది. పగులుటకు గాజైనను లేని నేటి చిత్రములు, ఫోను మారినప్పుడెల్ల జాడ లేకుండ పోవుచున్నవి.

మన కొండలు, మన కెమెరాలు

ఒకప్పుడు మన రాయలసీమయు నిజాము రాజ్యములోని భాగమే. 1800లో ఆంగ్లేయులకు దత్తమై దత్త మండలములను పేరు పొందినది. దీన్ దయాళ్ గోలకొండలో తీసిన రాతి గుట్టలకు, మన పెనుకొండ గుట్టలకు చుట్టరికము కలదు. రెండును దక్కను బండరాళ్ళే, రెంటి మీదను అదే ఎండ. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు బండ తెల్లబారి, శిల్పపు లోతు కనబడక చదునుగా తోచును. పొద్దు పొడిచిన వేళను, పొద్దు వాలు వేళను ఏటవాలు వెలుతురు పడినప్పుడే లేపాక్షి బసవన్న మెడలోని గంటల వరుస, కోటగోడ రాళ్ళ అతుకులు ప్రాణము పోసికొనును. వానలు వెలిసిన తరువాత ధూళి అణగి, దూరపు కొండ కూడ తేటగా కనబడును.

కావున మా విద్యార్థులకు మేము చెప్పదలచినవి కొన్ని మాటలు. మొదటిది, ఒకే చోటును ఎన్నుకొని పలుమార్లు పోవలెను. పెనుకొండ గగన్ మహల్‌ను నాలుగు వేళలలో, మూడు కాలములలో చూచినవానికే దాని ముఖము తెలియును. రెండవది, గాజు పలకలు పది మాత్రమే ఉన్నవని తలచి, ఒక్క దినమున పది చిత్రములకు మించి తీయకుండుట. చేయి తొందర తగ్గిన, చూపు నిదానించును. మూడవది, తీయుటకు ముందు చట్రము నాలుగు మూలలను చూచుట. నాలుగవది, దర్గాలో మొక్కుకొను తల్లిని, ధర్మవరము మగ్గము మీద వంగిన నేతగానిని తీయదలచిన, ముందు అనుమతి అడుగుట. జనానా స్టూడియో నేర్పిన పాఠము ఇది. ఐదవది, ప్రతి చిత్రమునకు ఊరు, స్థలము, తేదీ, వేళ వ్రాసి, రెండు చోట్ల భద్రపరచుట. తేదీ లేని చిత్రము సాక్ష్యమునకు పనికిరాదు.

ఈ సాక్ష్యము మనకెందుకని కొందరు అడుగవచ్చును. 2017కు ముందు పెనుకొండ మండలము ఎర్రమంచి వద్ద పొలములు ఉండెడివి. ఆ ఏడు కియా కార్ల కర్మాగారమునకు ఒప్పందము కుదిరినది, 2019లో అక్కడి నుండి కార్లు రాసాగినవి. ఊరికి ఉద్యోగములు వచ్చినవి, నేల రూపు మారినది. ఆ నేల పూర్వము ఎట్లుండెనో రేపటి బిడ్డ అడిగిన, చూపుటకు తేదీ వేసిన చిత్రము కావలెను. మన సీమలో కొన్ని గుట్టలు కంకరగా మారిపోవుచున్నవి. చెరువులు ఒక ఏడు నిండి, మరొక ఏడు ఎండుచున్నవి. ఇవి చరిత్ర గ్రంథములకు ఎక్కు విషయములు కావు. ఇవి చూచి నిలుపవలసినవారు ఈ ఊళ్ళలో పుట్టి పెరిగినవారే.

అందుచే మేము ఒక చిన్న పనిని ప్రతిపాదించుచున్నాము. ప్రతి సంవత్సరము ఒకే మాసమున, ఒకే చోట నిలిచి, ధర్మవరము చెరువును, పెనుకొండ కొండను, లేపాక్షి బసవన్నను ఒక్కొక్క చిత్రము తీసి, తేదీతో ఈ సంచికలో ప్రచురింతము. మొదటి ఏడు అది సామాన్య చిత్రముగానే తోచవచ్చును. పదేండ్లకు అది ఈ సీమ నీటి లెక్క, రాతి లెక్క, చెట్టు లెక్క కాగలదు. దానికి పెద్ద కెమెరా అవసరము లేదు. ఏటేట అదే రాతి మీద అదే వేళకు నిలుచు ఓపిక ఉన్న చాలును. ఈ పనికి పూనుకొను విద్యార్థులు తమ పేర్లను సంచిక సంపాదక వర్గమునకు తెలుపగోరుచున్నాము.